సరిహద్దు దాటే బండి మీద ఇద్దరికీ హెల్మెట్: కొనే రోజు నుంచి పారేసే రోజు దాకా

పర్లాకిమిడి నుంచి పాతపట్నం పట్టుమని పది కిలోమీటర్లు లేదు. నీలమణి దుర్గమ్మ దర్శనానికో, సరుకులకో, చుట్టాలింటి భోజనానికో ఆ దూరం వెళ్ళేవాళ్ళు హెల్మెట్‌ను ఇంట్లో మేకుకే వదిలేస్తారు. విశాఖపట్నం దాకా వెళ్ళాలంటే మాత్రం మర్చిపోకుండా పెట్టుకుంటారు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్ళేవాళ్ళలో కొందరైతే గిరిసోల దగ్గర తలకెక్కించి, చెక్‌పోస్టు దాటగానే ట్యాంకు మీదికి దించేస్తారు. అలా పెట్టుకున్న హెల్మెట్ చలానా తప్పించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆటో అడ్డంగా వచ్చేదీ, కుక్క చక్రం కిందికి దూరేదీ మనకు బాగా తెలిసిన ఈ చిన్న దారుల్లోనే.

అందుకే ఇది ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉంటూ వారానికోసారైనా సరిహద్దు దాటి ఆంధ్రాకు ఇటూ అటూ తిరిగే మన తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. వరసగా చదివి, ఇంట్లో ఉన్న హెల్మెట్‌ను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

ముందు మార్కు చూడండి, ఆ తర్వాతే రంగు

2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. అయినా హైవే పక్కన తాడుకు వేలాడదీసి రెండు మూడొందలకు అమ్ముతూనే ఉన్నారు. వాటి మీదా ఐఎస్ఐ స్టిక్కరు ఉంటుంది. కాబట్టి స్టిక్కరు ఒక్కటీ చూసి నమ్మకండి. మార్కు పైన ఐఎస్ 4151 అనే నంబరు ఉండాలి, కింద సిఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ లైసెన్సు నంబరు కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకి ఇచ్చారో చూపిస్తుంది. షాపులో నిలబడే చూడండి. చూడనివ్వని షాపులో కొనకండి.

4151 అని గట్టిగా చెప్పడానికి కారణముంది. దామన్‌జోడి, సునాబేడ, జేకేపూర్ లాంటి ఫ్యాక్టరీ ఊళ్ళున్న ప్రాంతం మనది. డ్యూటీలో పెట్టుకునే పసుపు, తెలుపు టోపీల మీద కూడా ఐఎస్ఐ మార్కు ఉంటుంది, కానీ ఆ నంబరు 2925. పైనుంచి ఏదైనా వస్తువు పడితే తట్టుకోవడానికి చేసిన టోపీ అది. బండి మీంచి పడి తల రోడ్డుకు కొట్టుకుంటే ఆపేంత నురుగు దానిలో ఉండదు. షిఫ్టు అయిపోగానే దానితోనే బండెక్కేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ తేడా చెప్పండి.

అసలు కాపాడేది పైన కనిపించే గట్టి చిప్ప ఒక్కటే కాదు. దాని లోపల బొటనవేలు మందాన థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది. దాన్ని ఈపీఎస్ అంటారు. తల నేలకు తగిలినప్పుడు ఆ పొర నలిగి, దెబ్బ బలాన్ని తనలోకి తీసుకుంటుంది. మెదడు పుర్రెకు కొట్టుకునే వేగం అలా తగ్గుతుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో హెల్మెట్ వల్ల చనిపోయే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని తేలింది. రోడ్డు పక్క హెల్మెట్‌ను లోపల నొక్కి చూడండి. గుడ్డ కింద పల్చటి స్పాంజీ తగిలి, వెంటనే ప్లాస్టిక్ తగిలితే అందులో ఈ పొరే లేదన్నమాట.

మొహమంతా కప్పే ఫుల్ ఫేస్ రకమే తీసుకోమని నా సలహా. పడినప్పుడు గడ్డం, దవడ మొదట నేలకు రాసుకునే సందర్భాలు చాలా ఉంటాయి, సగం హెల్మెట్ ఆ భాగాన్ని వదిలేస్తుంది. ఉక్కపోస్తుందన్న మాట నిజమే. వైశాఖంలో బరంపురం ఎండ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. గాలి రంధ్రాలు బాగా ఉన్నది, లోపలి గుడ్డ విప్పి ఉతుక్కునేది చూసుకోండి.

తల కొలత తీసుకోండి

తమ్ముడికి కొన్నది అన్న, నాన్నది కొడుకు పెట్టుకుంటూ ఉంటారు. వదులుగా ఉన్న హెల్మెట్ పడ్డప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది.

టైలర్ టేపు తీసుకోండి. కనుబొమ్మల మీద ఒక వేలు ఎత్తులో మొదలుపెట్టి, చెవుల పైగా, తల వెనక బాగా ఉబ్బుగా ఉన్న చోటు మీదుగా చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే 580 అని రాసి ఉన్న సైజు, 60 వస్తే 600 అడగండి. అయితే కంపెనీకో ఆకారం ఉంటుంది, నంబరు కుదిరినంత మాత్రాన తలకు కుదిరినట్టు కాదు. పెట్టుకుని చూడాల్సిందే.

పెట్టుకున్నాక బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దానితో పాటు కదలాలి. లోపల తల విడిగా తిరుగుతుంటే పెద్దదైపోయినట్టే. తర్వాత పట్టీ బిగించండి. గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, మూడో వేలు పట్టకూడదు. ఇప్పుడు మీతో వచ్చినవాళ్ళను వెనక నిలబడి, హెల్మెట్ కింది అంచు పట్టుకుని పైకీ ముందుకీ లాగమనండి. ఊడి కళ్ళ మీదికి వచ్చేస్తే ఆ హెల్మెట్ మీకు వద్దు. పది నిమిషాలు తల మీదే ఉంచుకోండి. నుదుటి దగ్గర ఒకేచోట నొప్పి పుడుతుంటే వేరే మోడల్ చూడండి. షాపువాడు విసుక్కున్నా సరే.

పట్టీ గురించి మరో మాట. మన వీధుల్లో పదిమంది హెల్మెట్ పెట్టుకుని కనిపిస్తే వాళ్ళలో కొందరి పట్టీలు గాలికి ఊగుతూ ఉంటాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉంటేనే హెల్మెట్ పెట్టుకున్నట్టు లెక్కిస్తుంది. బండి స్టార్టు చేశాక పట్టీ పెట్టుకోవచ్చులే అనుకుంటే మర్చిపోతారు. ముందు పట్టీ టక్కుమనాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి.

వెనక కూర్చునేవాళ్ళ సంగతి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో హెల్మెట్ పెట్టుకోకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 14,337 మంది బండి నడిపినవాళ్ళు కాదు, వెనక కూర్చున్నవాళ్ళు. మన ఇళ్ళల్లో వెనక కూర్చునేది ఎవరు? అమ్మ, భార్య, చెల్లెలు, కోడలు. నడిపే మగాడి తల మీద హెల్మెట్ ఉండి, వెనక ఒక చేత్తో పిల్లవాణ్ణీ, ఇంకో చేత్తో సంచీనీ పట్టుకున్న ఆవిడ తల బోసిగా ఉండడం మనకు మామూలు దృశ్యం అయిపోయింది. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. నడిపేవాడికి ముందున్న గుంత కనిపిస్తుంది, హ్యాండిల్ పట్టుకుని నిలదొక్కుకుంటాడు. వెనకావిడకు గుంతా కనిపించదు, పట్టుకోవడానికి ఆధారమూ సరిగ్గా ఉండదు.

రెండో హెల్మెట్ కొనడానికి వెళ్ళేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్ళండి, ఆమె తలకే కొలత తీయండి. జుట్టు ముడి వేసుకుంటే హెల్మెట్ కిందికి దిగదు, పైనే ఆగిపోతుంది. ప్రయాణం రోజున మెడ దగ్గర దిగువగా జడ వేసుకుంటే సరిపోతుంది. పూలు గుడి దగ్గర దిగాక పెట్టుకోవచ్చు. రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం నుంచి కూనేరు మీదుగా బండి మీద వచ్చే జంటలు ఎందరో. ఆ దారంతా లారీలు తిరుగుతూనే ఉంటాయి, కొన్నిచోట్ల మలుపులూ ఉన్నాయి. హెల్మెట్ వల్ల జుట్టు చెదురుతుందనుకుంటే దువ్వెన సంచీలో వేసుకోండి.

కాళ్ళు రెండూ ఒకవైపు వేసి కూర్చోవడం ఎంత అలవాటైనా, చెరోవైపు వేసి కూర్చుంటేనే పట్టు ఉంటుంది. చీరలో అది కుదరదనుకుంటే దూరపు ప్రయాణానికి చుడీదార్ వేసుకోమనండి. చుడీదార్ అయితే చున్నీ నడుముకు కట్టేయాలి. చీరైతే కొంగు దోపేసి, చక్రం పక్కనుండే శారీగార్డు ఊడిపోకుండా ఉందో లేదో చూడండి. పట్టుకునే పిడి, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. అందం కోసం గార్డు పీకించేసినవాళ్ళు మళ్ళీ పెట్టించండి.

గొడుగు సంగతి. నడుస్తున్న బండి మీద వెనకాల గొడుగు తెరవకండి, ఎండైనా వానైనా. ఎదురుగాలికి అది వెనక్కి లాగితే మనిషీ దానితో పాటే పోతుంది. వానొస్తే పక్కన ఆగండి.

ముగ్గురు ఎక్కడం సెక్షన్ 128 ప్రకారం నేరం. అన్నట్టు, చట్టం లెక్కలో పిల్లవాడు కూడా మనిషే.

చంటిపిల్లలు, బడి పిల్లలు

నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు 2022 ఫిబ్రవరిలో వేరే నిబంధన తెచ్చారు, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. పిల్లల సైజు హెల్మెట్ పెట్టాలి, సైకిల్ హెల్మెట్ అయినా పనికొస్తుంది. నడిపేవాళ్ళకు కలిపి కట్టే బెల్టు ఉండాలి. బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ బెల్టు మన చిన్న ఊళ్ళ షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టకండి. బ్రేకు గట్టిగా వేస్తే ముందు హ్యాండిల్‌కు కొట్టుకునేది వాళ్ళ ఛాతీ, మొహం.

ఇంటర్ చదివే అబ్బాయికి బండి తాళం ఇచ్చేవాళ్ళు సెక్షన్ 199ఏ చదవండి. మైనరు నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు.

రెండు రాష్ట్రాల్లోనూ చట్టం ఒక్కటే

ఒడిశాలో ఒక రూలు, ఆంధ్రాలో ఇంకో రూలు అని చాలామంది అనుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం కేంద్రానిది, హెల్మెట్ సెక్షన్ 129 రెండు వైపులా వర్తిస్తుంది. తలపాగా ధరించే సిక్కులకు మాత్రం మినహాయింపు ఉంది. 2019 సవరణ తర్వాత సెక్షన్ 194డి ప్రకారం హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయల జరిమానా, దానితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ముగ్గురెక్కితే 194సి, అదీ అంతే.

వెయ్యి రూపాయలు కట్టేస్తే అయిపోయిందనుకునేవాళ్ళు ఆ రెండో భాగం చూడాలి. ఆ మూడు నెలల్లో బండి నడిపి దొరికితే సెక్షన్ 182 కింద 10,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. యజమానికి వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు రావాలన్నా చెల్లే లైసెన్సు ఉండాలి.

కాగితాల కోసం సంచీ మోయనక్కర్లేదు. ఫోన్‌లో డిజిలాకర్ యాప్‌లోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో చూపించే లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు 2018 చివర్లో వచ్చిన సవరణ నుంచి దేశమంతా చెల్లుతాయి. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరే ముందే తెరిచి పెట్టుకోండి. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000, లైసెన్సు లేకపోతే 5,000. తాగి నడిపితే మొదటిసారి 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఆంధ్రా బండితో ఒడిశాలో దొరికినా, ఒడీ నంబరు బండితో ఆంధ్రాలో దొరికినా ఇ-చలానా ఆర్‌సీలో ఉన్న ఫోన్ నంబరుకే వస్తుంది. పాత నంబరు ఉంటే మార్పించుకోండి, లేకపోతే చలానా పడినట్టే తెలియదు. చలానా పేరుతో వాట్సాప్‌లో ఎపికె ఫైలు (ఫోన్‌లో యాప్ వేసే ఫైలు) వస్తే మాత్రం ముట్టుకోవద్దు, అది డబ్బు దోచుకునే మోసం. పరివాహన్ ఇ-చలాన్ సైటులో బండి నంబరు కొట్టి మీరే చూసుకోండి.

శ్రీకాకుళంలో కొని బరంపురంలోనే ఏళ్ళ తరబడి తిప్పుతున్న బళ్ళు చాలా ఉన్నాయి. ఏడాదికి మించి వేరే రాష్ట్రంలో ఉంచితే సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. ముందు పాత ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోండి.

ఘాట్, మంచు, కళ్ళాలు

సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే ఘాట్‌లో దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో వదిలేస్తారు కొందరు. అది చేయకండి. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ ఇంచుమించు అదే గేరులో దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకునే నమ్ముకుని దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. మలుపులో ఎడమవైపునే ఉండండి. ఎదురొచ్చే లారీ మలుపు తిరగడానికి మీ వైపుకు రావాల్సి వస్తుందని ముందే లెక్క వేసుకోండి. తప్తపాణి ఘాట్‌లోనూ ఇదే పద్ధతి.

పుష్య, మాఘ మాసాల్లో సిమిలిగూడ, కొరాపుట్ వైపు తెల్లవారుజామున ముందు బండి కనిపించనంత మంచు. హైబీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మన కళ్ళల్లోకే వస్తుంది, లోబీమ్ వేయండి. ఊపిరికి హెల్మెట్ ముందు అద్దం, అంటే విజర్ మసకబారితే దాన్ని ఒక్క మెట్టు పైకెత్తండి. నల్ల అద్దం పగటికే, రాత్రికి తెల్ల అద్దం ఉండాలి. గీతలు పడ్డ విజర్‌లో ఎదుటి లైటు చెదిరి కనిపిస్తుంది. దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

కోతల కాలంలో ఊరి రోడ్లే కళ్ళాలైపోతాయి. ఆరబోసిన ధాన్యం, పరిచిన గడ్డి మీద చక్రం జారుతుంది. అక్కడ బ్రేకు నొక్కకండి, ముందే వేగం తగ్గించి తిన్నగా దాటండి. వెనక లైటు లేని ట్రాక్టర్లు చీకట్లో ఆగి ఉంటాయి. అక్టోబరులో తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ప్రయాణం మానుకోండి. 2013 ఫైలిన్, 2018 తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చి మన దారుల్లో చెట్లు కూల్చేశాయి.

పడిపోయినవాళ్ళు కనిపిస్తే

108కో, 112కో ఫోన్ చేయండి. సరిహద్దులో ఫోన్ పక్క రాష్ట్రం టవరు పట్టుకుని ఉండొచ్చు. అందుకే ముందు రాష్ట్రం పేరు, జిల్లా పేరు, ఆ తర్వాత దగ్గరి ఊరు, కిలోమీటరు రాయి చెప్పండి. గాయపడినవాళ్ళ హెల్మెట్ లాగేయకండి, మెడ విరిగి ఉండొచ్చు. ఊపిరి ఆడుతుంటే విజర్ ఎత్తి అలాగే ఉంచండి. ఊపిరి ఆగినా, వాంతి గొంతుకు అడ్డుపడుతున్నా తీయక తప్పదు. అప్పుడు ఒకరు మెడనూ తలనూ కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మెల్లగా తీయాలి. నోట్లో నీళ్ళు పోయకండి.

పడి లేచి, దులుపుకుని, "ఏం కాలేదు, ఇంటికెళ్ళి పడుకుంటాను" అనేవాళ్ళను అలా వదలకండి. తలలో రక్తం మెల్లగా చేరే గాయాలు ఉంటాయి. మొదట బాగానే మాట్లాడతారు, కొన్ని గంటలకు వాంతులు, మత్తు, పొంతన లేని మాటలు, తీవ్రమైన తలనొప్పి మొదలవుతాయి. ఇందులో ఏది కనిపించినా సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇటు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లోని మెడికల్ కాలేజీ, అటు శ్రీకాకుళం, విశాఖ ఆసుపత్రులు. ఏది దగ్గరైతే అది, రాష్ట్రం చూడకండి.

పోలీసు కేసవుతుందని భయపడకండి. సహాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని గానీ, సాక్షిగా ఉండమని గానీ బలవంతం చేయకూడదని సెక్షన్ 134ఏ, దాని నిబంధనలు చెబుతున్నాయి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స చేసే పథకం ఉంది. ఆసుపత్రిలో ఆ మాట అడగండి.

హెల్మెట్‌ను ఎప్పుడు మార్చాలి

ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే, పైన గీత కూడా కనిపించకపోయినా, లోపలి పొర నలిగిపోయి ఉంటుంది. అది మళ్ళీ ఉబ్బదు. ఆ హెల్మెట్ పని అయిపోయింది. దెబ్బ తగలకపోయినా చెమట, నూనె, ఎండ దాన్ని మెల్లగా తినేస్తాయి. మూడు నుంచి ఐదేళ్ళకు మార్చండి. పెట్రోలు, థిన్నరు గుడ్డతో తుడవకండి, రంగు వేయించకండి. బండి సైడు అద్దానికి తగిలిస్తే దాని చివర గుచ్చుకుని లోపల గుంత పడుతుంది, కాబట్టి హుక్కుకే తగిలించండి. లోపలి గుడ్డను సబ్బు నీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి.

పాతది పాత సామాన్లవాడికి వేసేముందు కత్తెర తీసుకుని పట్టీ రెండు వైపులా కత్తిరించేయండి. లేకపోతే దాన్ని తుడిచి మళ్ళీ ఎవరికో అమ్ముతారు.